స్ప్రెడ్‌షీట్‌లో హైపర్‌లింకులు పనిచేయడం లేదా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడి జవాబుల్లో ఎక్కువ భాగం విండోస్ కంప్యూటర్‌లో వాడే ఎక్సెల్ గురించి. లింకుల తంటాలు ఎక్కువగా వచ్చేది అందులోనే. గూగుల్ షీట్స్, లిబ్రేఆఫీస్ కాల్క్‌లకు వేరే ప్రశ్నలున్నాయి. ఫార్ములాలను, మెనూ పేర్లను తెలుగు లిపిలో రాశాం. షీట్‌లో టైప్ చేసేటప్పుడు మాత్రం ఫంక్షన్ పేర్లు, సెల్ పేర్లు ఇంగ్లీష్ అక్షరాల్లోనే కొట్టాలి.

లింకు నొక్కితే తెరుచుకోవడం లేదు. ముందు ఏం చూడాలి?

సెల్‌లో కనిపించే మాట వేరు, దాని వెనక దాగిన అడ్రస్ వేరు. ఈ తేడా పట్టించుకోకపోవడం వల్లే గంటల సమయం వృథా అవుతుంది. సెల్‌లో ఉన్న మాటను ఎన్నిసార్లు సరిదిద్దినా లోపలి అడ్రస్ తప్పుగానే ఉండిపోవచ్చు.

కాబట్టి ముందు ఆ అడ్రస్‌ను బయటికి తీయండి. సెల్ మీద రైట్ క్లిక్ చేసి ఎడిట్ హైపర్‌లింక్ ఎంచుకోండి, లేదా సెల్‌లో ఉండి కంట్రోల్+కె నొక్కండి. అడ్రస్ గడిలో ఉన్నదంతా కాపీ చేయండి. వెబ్ అడ్రస్ అయితే బ్రౌజర్‌లో అతికించండి. ఫైల్ అయితే విండోస్ కీ+ఆర్ నొక్కి, వచ్చిన చిన్న పెట్టెలో అతికించి ఎంటర్ కొట్టండి.

అక్కడా తెరుచుకోకపోతే తప్పు అడ్రస్‌దే: అక్షరదోషమో, ఫైల్ చోటు మారడమో, అనుమతి లేకపోవడమో అయ్యుంటుంది. అక్కడ తెరుచుకుని షీట్‌లో నుంచి మాత్రం తెరుచుకోకపోతే తప్పు ఎక్సెల్‌ది, లేదా విండోస్ సెట్టింగ్‌ది. ఈ పరీక్షకు అర నిమిషం చాలు. ఇది చేయకుండా సెట్టింగులు మార్చడం మొదలుపెట్టకండి.

నీలం రంగులో, కింద గీతతో ఉంది. నొక్కితే ఏమీ జరగడం లేదు. ఎందుకు?

నీలం రంగూ గీతా అలంకారం మాత్రమే. ఏ సెల్‌కైనా వాటిని పెట్టొచ్చు. మౌస్‌ను సెల్ మీదికి తెచ్చినప్పుడు ప్లస్ గుర్తు చేతి గుర్తుగా మారితేనే అక్కడ లింకు ఉన్నట్టు. మారకపోతే అది రంగు వేసిన మామూలు మాటే.

చేతి గుర్తు రాకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంటుంది. సెల్ మీద రంగులేని టెక్స్ట్ బాక్సో, బొమ్మో పరుచుకుని ఉంటే క్లిక్ దానికి తగులుతుంది, కిందున్న సెల్‌కు చేరదు. హోమ్ > ఫైండ్ అండ్ సెలెక్ట్ > సెలెక్షన్ పేన్ తెరిస్తే ఆ షీట్ మీదున్న బొమ్మలూ ఆకారాలూ అన్నీ వరుసగా కనిపిస్తాయి. అడ్డొచ్చిన దాన్ని అక్కడే దాచేయొచ్చు.

వేరే చోటి నుంచి తెచ్చి అతికించిన వెబ్ అడ్రస్‌లు వందల్లో ఉన్నాయి. ఒక్కటీ లింకుగా మారలేదు.

ఎక్సెల్ మనం చేత్తో టైప్ చేసి ఎంటర్ కొట్టినప్పుడే అడ్రస్‌ను లింకుగా మారుస్తుంది. అతికించినవీ, ఇంపోర్ట్ చేసినవీ చాలాసార్లు మామూలు మాటలుగానే ఉండిపోతాయి. నాలుగైదు ఉంటే ఒక్కో సెల్‌లో ఎఫ్2, తర్వాత ఎంటర్ కొడితే సరిపోతుంది. వందలుంటే, అవి ఏ2 సెల్ నుంచి కిందికి ఉన్నాయనుకుంటే, పక్క కాలమ్‌లో ఈ ఫార్ములా రాసి కిందికి లాగండి:

=హైపర్‌లింక్(ఏ2)

అసలు అడ్రస్‌ల కాలమ్‌ను చెరిపేయకండి, ఫార్ములా దాని మీదే ఆధారపడి ఉంది. ఫార్ములా కాలమ్‌ను కాపీ చేసి వాల్యూస్‌గా అతికించినా లింకులు పోయి మాటలే మిగులుతాయి. చూడటానికి బాగుండాలంటే అడ్రస్‌ల కాలమ్‌ను దాచేయండి.

టైప్ చేసినవి కూడా మారకపోతే ఫైల్ > ఆప్షన్స్ > ప్రూఫింగ్ > ఆటోకరెక్ట్ ఆప్షన్స్‌కు వెళ్ళి, ఆటోఫార్మాట్ యాజ్ యూ టైప్ ట్యాబ్‌లో ‘ఇంటర్నెట్ అండ్ నెట్‌వర్క్ పాత్స్ విత్ హైపర్‌లింక్స్’ దగ్గర టిక్ ఉందో లేదో చూడండి. అడ్రస్‌లు లింకులు కాకూడదనుకునేవారు ఇదే టిక్ తీసేయాలి.

హైపర్‌లింక్ ఫార్ములా రాశాను. ఫలితానికి బదులు ఫార్ములానే కనిపిస్తోంది.

ఆ సెల్ ఫార్మాట్ ‘టెక్స్ట్’ అయ్యుంటుంది. దాన్ని ‘జనరల్’ చేయండి. అంతటితో మారదు, ఎఫ్2 నొక్కి ఎంటర్ కొట్టాలి. కాలమ్ మొత్తం అలా ఉంటే ఫార్మాట్ జనరల్ చేశాక కాలమ్‌ను ఎంచుకుని డేటా > టెక్స్ట్ టు కాలమ్స్ తెరిచి నేరుగా ఫినిష్ నొక్కండి. షీట్‌లో ఉన్న ఫార్ములాలన్నీ అలాగే కనిపిస్తుంటే మాత్రం ఫార్ములాస్ ట్యాబ్‌లోని ‘షో ఫార్ములాస్’ ఆన్‌లో ఉన్నట్టు. దాన్ని ఆపేస్తే చాలు.

#నేమ్? అని వస్తే కొటేషన్ గుర్తులు చూడండి. వెబ్ పేజీ నుంచో వర్డ్ నుంచో ఫార్ములా తెచ్చుకుంటే నిలువు కొటేషన్లకు బదులు వంకర కొటేషన్లు వస్తాయి, ఎక్సెల్ వాటిని గుర్తించదు. వాటిని చెరిపి కీబోర్డ్ మీద మళ్ళీ కొట్టండి. ఎంటర్ కొట్టగానే ఫార్ములాలో తప్పుందని ఎక్సెల్ ఒప్పుకోకపోతే కామా బదులు సెమికోలన్ పెట్టి చూడండి. రెండింటిలో ఏది చెల్లుతుందో కంప్యూటర్ ప్రాంతీయ సెట్టింగ్ నిర్ణయిస్తుంది.

‘కెనాట్ ఓపెన్ ద స్పెసిఫైడ్ ఫైల్’ అని వస్తోంది. నేనిచ్చింది వెబ్‌సైట్ అడ్రస్ కదా, ఫైల్ అంటుందేమిటి?

అడ్రస్ ముందు హెచ్‌టీటీపీఎస్:// లేకపోవడం మొదటి కారణం. హైపర్‌లింక్ ఫంక్షన్‌లో నేరుగా డబ్ల్యుడబ్ల్యుడబ్ల్యు అని మొదలుపెడితే ఎక్సెల్ దాన్ని ఇదే ఫోల్డర్‌లో ఉన్న ఓ ఫైల్ పేరు అనుకుని వెతుకుతుంది. అడ్రస్‌ల కాలమ్‌లో అన్నీ ఇలాగే ఉంటే ఫార్ములాలోనే కలిపేయండి:

=హైపర్‌లింక్("హెచ్‌టీటీపీఎస్://"&ఏ2)

రెండో కారణం కంటికి కనిపించదు. వేరే చోటి నుంచి తెచ్చిన అడ్రస్ చివర ఖాళీ, లైన్ బ్రేక్, వెబ్ పేజీల్లో వాడే విడదీయరాని ఖాళీ అంటుకుని వస్తాయి. =లెన్(ఏ2) అని రాసి, వచ్చిన సంఖ్యను మీరు లెక్కపెట్టిన అక్షరాలతో పోల్చండి. ఎక్కువ వస్తే అదే దొంగ. ట్రిమ్ ఒక్కటే సరిపోదు. అది మామూలు ఖాళీలనే తీస్తుంది. వెబ్ పేజీల ఖాళీ 160వ నంబర్ క్యారెక్టర్, దాని జోలికి ట్రిమ్ వెళ్ళదు. అన్నింటినీ ఒకేసారి కడిగేది ఇది:

=హైపర్‌లింక్(ట్రిమ్(క్లీన్(సబ్‌స్టిట్యూట్(ఏ2,చార్(160)," "))))

మూడోది, నిజంగానే ఫైల్‌కు ఇచ్చిన లింకు అయితే పేరులో # గుర్తుందేమో చూడండి. లింకుల భాషలో # అంటే ‘ఇక్కడితో ఫైల్ అడ్రస్ అయిపోయింది, ఇకమీదిది లోపలి చోటు’ అని అర్థం. ‘బిల్లు#12’ అనే ఫైల్‌ను ఎక్సెల్ ‘బిల్లు’ అని మాత్రమే వెతుకుతుంది, దొరకదు. ఫోల్డర్ పేరులో # ఉన్నా ఇదే గతి. దీనికి దగ్గరి దారి లేదు, పేరులో # తీసేసి గీత పెట్టుకోవడమే మంచిది.

పొడవైన అడ్రస్‌కు #వాల్యూ! వస్తోంది, లేదా ఫార్ములానే ఒప్పుకోవడం లేదు.

ఫార్ములాలో కొటేషన్ల మధ్య రాసే ఒక్కో మాట 255 అక్షరాలు దాటకూడదని ఎక్సెల్ నియమం. అడ్రస్‌ను రెండు ముక్కలు చేసి మధ్యలో & పెట్టండి, లేదా అడ్రస్‌ను ఒక సెల్‌లో ఉంచి ఆ సెల్ పేరు ఇవ్వండి. పాత ఎక్సెల్‌లో కలిపిన మొత్తం అడ్రస్ కూడా 255 దాటితే #వాల్యూ! వస్తుంది. అప్పుడు ఫార్ములా వదిలేసి కంట్రోల్+కెతో లింకు పెట్టి చూడండి, లేదా లింకును పొట్టిది చేసుకోండి.

తెలుగు పేర్లున్న పేజీలతో ఈ హద్దు ఊహించనంత త్వరగా వచ్చేస్తుంది. బ్రౌజర్ నుంచి కాపీ చేసినప్పుడు తెలుగు అక్షరాలు శాతం గుర్తులతో కూడిన కోడ్‌గా మారతాయి. ‘త’ ఒక్కటే %ఈ0%బీ0%ఏ4 అవుతుంది, అంటే తొమ్మిది గుర్తులు. గుణింతం గుర్తుకు మరో తొమ్మిది. ‘తెలుగు’ అనే మాటలో మూడు హల్లులు, మూడు గుణింతాలు, అంటే 54 గుర్తులు. అలాంటి మాటలు అయిదు ఉంటే 255 దాటిపోయినట్టే. అలా కాపీ అయిన కోడ్‌ను మధ్యలో ఎక్కడా తుంచకండి. ఒక్క శాతం గుర్తు పోయినా పేజీ దొరకదు.

ఇదే వర్క్‌బుక్‌లో ఇంకో షీట్‌కు లింకు పెట్టాను. ‘రిఫరెన్స్ ఈజ్ నాట్ వాలిడ్’ అంటోంది.

షీట్ పేరు మారి ఉంటుంది. కంట్రోల్+కెతో పెట్టిన లింకులో షీట్ పేరు ఉత్త అక్షరాలుగా రాసి ఉంటుంది. ఫార్ములాల్లోలాగా దానంతటది మారదు. పైన కొత్త వరుసలు చేర్చినా అంతే: మీ విషయం 50వ వరుస నుంచి 60కి జరిగినా లింకు 50వ వరుసకే తీసుకెళ్తుంది. ఎర్రర్ కూడా రాదు కాబట్టి తప్పు చోటికి వెళ్ళామని చాలాసేపటి దాకా తెలియదు. ఎర్రర్ కంటే ఇదే ఎక్కువ నష్టం చేస్తుంది.

దీనికి నమ్మదగ్గ మందు పేరు పెట్టడం. చేరాల్సిన సెల్‌ను ఎంచుకుని, ఫార్ములా బార్‌కు ఎడమనున్న నేమ్ బాక్స్‌లో ఖాళీలు లేని ఒక పేరు కొట్టి ఎంటర్ నొక్కండి. తర్వాత కంట్రోల్+కె > ‘ప్లేస్ ఇన్ దిస్ డాక్యుమెంట్’ > డిఫైన్డ్ నేమ్స్ కింద ఆ పేరును ఎంచుకోండి. షీట్ పేరు మారినా, వరుసలు జరిగినా లింకు వెంట వస్తుంది.

ఫార్ములాతోనే కావాలంటే:

=హైపర్‌లింక్("#"&సెల్("అడ్రస్",'అమ్మకాలు 2024'!ఏ1),"అమ్మకాలకు")

ఇందులో షీట్ పేరు కొటేషన్ల మధ్య మాటగా లేదు, నిజమైన రిఫరెన్స్‌గా ఉంది. అందుకే పేరు మారిస్తే తనూ మారుతుంది. అంత అక్కర్లేదనుకుని "#'అమ్మకాలు 2024'!ఏ1" అని నేరుగా రాస్తే ముందు # ఉండాలి, పేరులో ఖాళీ ఉంటే చుట్టూ ఒంటి కొటేషన్ గుర్తులు ఉండాలి. ఈ రెండిట్లో ఏది మర్చిపోయినా లింకు పనిచేయదు.

నిన్నటిదాకా పనిచేసిన ఫైల్ లింకులన్నీ ఒక్కసారిగా పోయాయి.

అన్నీ ఒకేసారి పోతే ఉమ్మడి కారణం ఒకటి ఉంటుంది. షీట్‌కు దగ్గరి ఫోల్డర్లలో ఉన్న ఫైళ్ళ అడ్రస్‌ను ఎక్సెల్ పూర్తిగా రాసుకోదు, ‘నేనున్న చోటి నుంచి ఇలా వెళ్ళు’ అన్నట్టు సాపేక్షంగా రాసుకుంటుంది. షీట్‌ను ఒక్కదాన్నే వేరే ఫోల్డర్‌కు జరిపితే లెక్క తప్పుతుంది. షీట్‌నూ ఫైళ్ళనూ కలిపి జరిపితే ఇబ్బంది ఉండదు.

ఎడిట్ హైపర్‌లింక్‌లో అడ్రస్ చూస్తే మధ్యలో ‘యాప్‌డేటా\రోమింగ్\మైక్రోసాఫ్ట్\ఎక్సెల్’ అని కనిపిస్తోందా? అయితే ఎక్సెల్ అర్ధాంతరంగా మూతపడి, కోలుకున్న కాపీని మీరు సేవ్ చేసి ఉంటారు. కోలుకున్న ఫైల్ ఉండేది ఆ ఫోల్డర్‌లోనే, లింకులన్నీ అక్కడి నుంచి లెక్క కట్టబడ్డాయి. పాత వెర్షన్ ఉంటే దాన్ని తెచ్చుకోవడం అన్నిటికంటే శుభ్రమైన దారి. మళ్ళీ జరగకుండా ఫైల్ > ఆప్షన్స్ > అడ్వాన్స్‌డ్ > జనరల్ కింద వెబ్ ఆప్షన్స్ తెరిచి, ఫైల్స్ ట్యాబ్‌లో ‘అప్‌డేట్ లింక్స్ ఆన్ సేవ్’ టిక్ తీసేయండి.

ఇవి రెండూ కాకపోతే ఫైల్ > ఇన్ఫో > ప్రాపర్టీస్ > అడ్వాన్స్‌డ్ ప్రాపర్టీస్ > సమ్మరీ ట్యాబ్‌లో ‘హైపర్‌లింక్ బేస్’ గడి చూడండి. అందులో ఏదైనా రాసి ఉంటే సాపేక్ష లింకులన్నీ దాని నుంచే లెక్కకు వస్తాయి. అక్కడున్నది పాత ఫోల్డర్ అయితే కొత్తది రాయండి, లేదా ఖాళీ చేయండి.

వందల లింకుల్లో పాత ఫోల్డర్ పేరును కొత్తదానితో ఒకేసారి మార్చేదెలా?

కంట్రోల్+హెచ్ ఇక్కడ పనికిరాదు. అది కనిపించే మాటల్లో, ఫార్ములాల్లో వెతుకుతుంది తప్ప కంట్రోల్+కె లింకుల లోపలి అడ్రస్‌ను చూడదు. డేటా ట్యాబ్‌లోని ఎడిట్ లింక్స్ కూడా వేరు: అది ఇతర వర్క్‌బుక్‌ల నుంచి లెక్కలు తెచ్చే ఫార్ములాల జాబితా, హైపర్‌లింకులు అందులో కనిపించవు.

దారి చిన్న మాక్రో, అంటే ఎక్సెల్ చేత పని చేయించే చిన్న ప్రోగ్రామ్. ఆల్ట్+ఎఫ్11 నొక్కి, ఇన్సర్ట్ > మాడ్యూల్ తీసుకోండి. షీట్‌లోని హైపర్‌లింక్స్ సమూహంలో ఒక్కో లింకును తీసుకుని, దాని అడ్రస్ ప్రాపర్టీలో రీప్లేస్ ఫంక్షన్‌తో పాత ముక్క స్థానంలో కొత్తది పెట్టే ఫర్ ఈచ్ లూప్ రాస్తే చాలు, నాలుగు లైన్ల పని. రెండు జాగ్రత్తలు: ముందు ఫైల్ కాపీ తీసుకోండి, మాక్రో చేసిన మార్పు కంట్రోల్+జడ్‌తో వెనక్కి రాదు. షీట్ల మధ్య లింకుల్లో చేరే చోటు అడ్రస్‌లో కాక సబ్‌అడ్రస్‌లో ఉంటుంది, వాటికి ఆ ప్రాపర్టీని మార్చాలి.

కొత్తగా షీట్ తయారుచేస్తుంటే మొదటి నుంచే ఫోల్డర్‌ను ఒక్క సెల్‌లో ఉంచుకోండి. ఏ1లో చివర \ గుర్తుతో సహా ఫోల్డర్ అడ్రస్, బీ కాలమ్‌లో ఫైల్ పేర్లు, సీ2లో:

=హైపర్‌లింక్($ఏ$1&బీ2,"తెరువు")

ఫోల్డర్ మారిన రోజు ఏ1 ఒక్కటి మార్చితే లింకులన్నీ దారిలో పడతాయి. ఫైళ్ళ జాబితాలకు ఇంతకంటే మంచి పద్ధతి లేదని గట్టిగా చెప్పగలం.

నా కంప్యూటర్‌లో తెరుచుకుంటుంది, తోటివారికి తెరుచుకోవడం లేదు.

లింకు సీ: లేదా జడ్: లాంటి డ్రైవ్ అక్షరంతో మొదలైతే కారణం అదే. సీ: అంటే ఎవరి కంప్యూటర్ వారిదే. నెట్‌వర్క్ ఫోల్డర్‌కు మీ దగ్గర జడ్: అని పేరుంటే ఇంకొకరి దగ్గర వై: అయ్యుండొచ్చు. అందరికీ ఒకటే అయిన \\సర్వర్\ఫోల్డర్\ఫైల్ రూపంలో రాయండి. అప్పుడు కూడా వారికి ఆ ఫోల్డర్ మీద అనుమతి ఉండాలి.

బ్రౌజర్‌లో తెరిచే ఎక్సెల్‌లో, ఫోన్‌లో ఇలాంటి ఫైల్ లింకులు పనిచేయవు. ఫైల్‌ను క్లౌడ్‌లో పెట్టి దాని షేర్ లింకు ఇవ్వాల్సిందే.

‘ఈ కంప్యూటర్ మీదున్న ఆంక్షల వల్ల ఈ పని రద్దయింది’ అనే అర్థంతో మెసేజ్ వస్తోంది.

మాట చూస్తే ఎవరో అడ్డుకున్నట్టుంటుంది కానీ, సొంత కంప్యూటర్‌లో వస్తే చాలాసార్లు విషయం చిన్నది: లింకును ఏ బ్రౌజర్‌కు అప్పగించాలో విండోస్‌కు తెలియడం లేదు. ఒక బ్రౌజర్‌ను తీసేశాక ఇలా అవుతుంటుంది. సెట్టింగ్స్ > యాప్స్ > డిఫాల్ట్ యాప్స్‌లో ఇప్పుడున్న బ్రౌజర్‌ను ఎంచుకుని డిఫాల్ట్‌గా పెట్టండి. ఎక్సెల్ మూసి మళ్ళీ తెరవండి. తగ్గకపోతే తీసేసిన బ్రౌజర్‌ను మళ్ళీ ఇన్‌స్టాల్ చేసి, రెండోదాన్ని డిఫాల్ట్ చేశాక అప్పుడు తీసేయండి. ఆఫీసు కంప్యూటర్ అయితే నిజంగానే పాలసీ ఉండొచ్చు, సిస్టమ్ అడ్మిన్‌ను అడగండి.

బ్రౌజర్‌లో లాగిన్ అయ్యే ఉన్నాను. ఎక్సెల్ నుంచి నొక్కితే మాత్రం లాగిన్ పేజీకి పోతోంది.

ఇది అడ్రస్ తప్పు కాదు, మీ తప్పూ కాదు. డెస్క్‌టాప్ ఎక్సెల్ లింకును నేరుగా బ్రౌజర్‌కు ఇవ్వదు. ముందు తానే ఆ అడ్రస్‌కు వెళ్ళి, అక్కడున్నది ఆఫీస్ ఫైలా, మామూలు పేజీయా అని చూస్తుంది. మీ లాగిన్ ఉన్నది బ్రౌజర్ కుకీల్లో, అవి ఎక్సెల్ దగ్గర లేవు. సైట్ దాన్ని కొత్త మనిషి అనుకుని లాగిన్ పేజీకి మళ్ళిస్తుంది. ఎక్సెల్ ఆ మళ్ళించిన అడ్రస్‌నే బ్రౌజర్ చేతిలో పెడుతుంది. ఒక్కసారికే చెల్లే లింకులు కూడా ఈ ముందస్తు రాకతో ఖర్చయిపోయే ప్రమాదం ఉంది.

ఒకటి రెండు లింకులైతే కాపీ చేసి బ్రౌజర్‌లో అతికించుకోండి. రోజూ పని అదే అయితే రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) ‘ఫోర్స్‌షెల్‌ఎగ్జిక్యూట్’ అనే డీవర్డ్ (సంఖ్య రకం) విలువను 1 చేస్తే ఎక్సెల్ ఆ ముందస్తు తనిఖీ మానేసి లింకును నేరుగా బ్రౌజర్‌కు ఇస్తుంది. అది ఉండే చోటు హెచ్‌కీ లోకల్ మెషీన్ > సాఫ్ట్‌వేర్ > మైక్రోసాఫ్ట్ > ఆఫీస్ > 9.0 > కామన్ > ఇంటర్నెట్. 64 బిట్ విండోస్ మీద 32 బిట్ ఆఫీస్ ఉంటే సాఫ్ట్‌వేర్ తర్వాత వావ్6432నోడ్ కూడా వస్తుంది. మీ ఆఫీస్ వెర్షన్ ఏదైనా ఇక్కడ 9.0 అనే ఉండాలి, చాలామంది తమ వెర్షన్ నంబర్ రాసి ఫలితం లేదంటారు. ఆ కీ లేకపోతే సృష్టించుకోవాలి. అడ్మిన్ హక్కులు కావాలి, రిజిస్ట్రీ బ్యాకప్ తీసుకోకుండా ముట్టుకోవద్దు. సైట్ మీ సంస్థదే అయితే, సైట్ నడిపేవారికి ఈ సంగతి చెప్పడం ఇంకా మేలు.

వీలుకప్‌తో లింకు తెచ్చాను. మాట వచ్చింది, లింకు రాలేదు.

వీలుకప్, ఎక్స్‌లుకప్ తెచ్చేది సెల్ విలువను మాత్రమే. వెనకున్న అడ్రస్ వాటికి కనిపించదు. మూలంలో అసలు వెబ్ అడ్రసే రాసి ఉంటే చుట్టూ హైపర్‌లింక్ తొడగండి: =హైపర్‌లింక్(వీలుకప్(...)). మూలంలో ‘ఇక్కడ నొక్కండి’ లాంటి మాట కనిపిస్తూ వెనక అడ్రస్ ఉంటే ఇదీ పనిచేయదు, ఆ మాటనే అడ్రస్ అనుకుంటుంది. మూల పట్టికలో అడ్రస్‌కు విడిగా ఒక కాలమ్ ఉంచాలి.

షీట్‌ను ప్రొటెక్ట్ చేశాక లింకులు నొక్కలేకపోతున్నాను.

రివ్యూ > ప్రొటెక్ట్ షీట్ జాబితాలో ‘సెలెక్ట్ లాక్‌డ్ సెల్స్’ టిక్ తీసేసి ఉంటుంది. ఎంచుకోలేని సెల్‌ను నొక్కనూ లేము. ప్రొటెక్షన్ తీసి, ఆ టిక్ పెట్టి, మళ్ళీ ప్రొటెక్ట్ చేయండి. లేదా లింకులున్న సెల్స్‌ను మాత్రం అన్‌లాక్ చేయండి.

గూగుల్ షీట్స్‌లో లింకు మాట కనిపిస్తోంది, నొక్కడానికి రావడం లేదు.

గూగుల్ షీట్స్ ఫార్ములా కొన్ని రకాల అడ్రస్‌లనే ఒప్పుకుంటుంది. వెబ్ అడ్రస్‌లు, మెయిల్‌టూ (మెయిల్ పంపే లింకులు) చెల్లుతాయి. కంప్యూటర్‌లోని ఫైల్‌కు ఇచ్చిన లింకు అయితే ఎర్రర్ చూపకుండా ఉత్త మాటను మాత్రం చూపిస్తుంది. ఎక్సెల్ నుంచి తెచ్చిన షీట్లలో ఇదే జరుగుతుంది.

తెరుచుకుని ‘అనుమతి కావాలి’ అంటే అడ్రస్‌లో /యు/1/ లాంటి ముక్క ఉందేమో చూడండి. అది లింకు కాపీ చేసినవారి బ్రౌజర్‌లో ఎన్నో అకౌంటో చెప్పే సంఖ్య, చూసేవారి దగ్గర వేరే అకౌంట్‌కు పోతుంది. ఆ ముక్క తీసేయండి.

షీట్ కాపీ చేశాక ట్యాబ్ లింకులు పాత ఫైల్‌కే వెళ్తుంటే పూర్తి అడ్రస్ వాడారన్నమాట. # గుర్తుకు ముందున్నదంతా తీసేసి "#జీఐడీ=..." అన్న భాగాన్నే ఫార్ములాలో ఉంచండి. మౌస్ లేకుండా లింకు తెరవడానికి ఆల్ట్+ఎంటర్ ఉంది.

లిబ్రేఆఫీస్ కాల్క్‌లో ఎంత నొక్కినా తెరుచుకోదేం?

అక్కడ కంట్రోల్ పట్టుకుని నొక్కాలి. వద్దనుకుంటే టూల్స్ > ఆప్షన్స్ > లిబ్రేఆఫీస్ > సెక్యూరిటీ > ఆప్షన్స్‌లో ఆ టిక్ తీసేయొచ్చు. షీట్ పేరుకూ సెల్‌కూ మధ్య కాల్క్ వాడేది ఆశ్చర్యార్థకం కాదు, చుక్క: "#షీట్2.ఏ1".

మెయిల్ లింకు నొక్కితే ఏమీ రావడం లేదు.

కంప్యూటర్‌లో డిఫాల్ట్ మెయిల్ యాప్ లేదు. బ్రౌజర్‌లో మెయిల్ చూసుకునేవారికి ఇది మామూలే. డిఫాల్ట్ యాప్స్‌లో మెయిల్‌టూకు ఏదో ఒకటి కేటాయించాలి. సబ్జెక్ట్ కూడా లింకులో పెడితే ఖాళీల స్థానంలో %20 రాయండి.

పీడీఎఫ్‌లో, సీఎస్‌వీలో లింకులు పోయాయి.

పీడీఎఫ్‌ను ప్రింట్ దారిలో చేస్తే లింకులు రావు. ఫైల్ > సేవ్ యాజ్ లేదా ఎక్స్‌పోర్ట్ నుంచి చేయండి. సీఎస్‌వీలో కనిపించే మాట తప్ప ఇంకేమీ నిలవదు, అడ్రస్‌లు కావాలంటే ముందే వాటిని ఒక కాలమ్‌లో అక్షరాలుగా రాసి ఉంచాలి.

లింకు తెరవకుండా ఆ సెల్‌ను ఎంచుకోవడం ఎలా?

మౌస్ బటన్‌ను నొక్కి, చేతి గుర్తు ప్లస్ గుర్తుగా మారేదాకా వదలకండి. లేదా పక్క సెల్‌ను నొక్కి బాణం కీలతో రండి.

ఒక షీట్‌లో ఎన్ని లింకులు పెట్టొచ్చు?

ఎక్సెల్‌లో ఒక షీట్‌కు 65,530. అది దాటితే కొత్త అడ్రస్‌లు లింకులుగా మారవు. హైపర్‌లింక్ ఫార్ములాతో చేసినవి ఈ లెక్కలోకి రావు కాబట్టి, అంత పెద్ద జాబితా అయితే ఫార్ములా దారి పట్టండి.